కిలోలు, లీటర్లు: ఇంధన ప్రవాహపు లెక్క

జొన్నాడ వద్ద గౌతమీ వంతెనపై నిలిచి చూచువారికి రెండు ప్రవాహములు కనుపించును. క్రింద గోదావరి పారుచుండును. పైన రావులపాలెము వైపునకును, రాజమహేంద్రవరము వైపునకును లారీలు ఎడతెగక సాగుచుండును. మూడవ ప్రవాహము మరియొకటి కలదు. అది ఆ లారీల టాంకులనుండి యింజనులలోనికి సన్నని ధారగా పోవు డీజిలు. అది కంటికి కానరాదు గాని, ఖర్చంతయు దానిదే.

ఈ మూడవ ప్రవాహమును కొలుచుటలో ఒక చిక్కు కలదు. ఇంజను తయారుచేసినవారు తమ కాగితములో దాని వాడకమును గ్రాములలోను, కిలోలలోను చెప్పుదురు. బంకులో మనకు దానిని లీటర్లలో పోయుదురు. ఒకటి తూకము, రెండవది కొలత. ఈ రెండింటి నడుమ లెక్క తప్పినచో ఏమి జరుగునో చూచుటకు ఒక చిన్న సంగతిని ఊహించుకొందము.

గౌతమీ తీరమున ఒక పెద్దరైతుకు 5 అశ్వశక్తుల ఆయిలింజను ఉన్నదనుకొందము. దాని కాగితములో, పూర్తి బరువుమీద నడచునప్పుడు కిలోవాటు గంటకు 250 గ్రాముల డీజిలు పట్టునని వ్రాసియున్నది. 5 అశ్వశక్తులనగా సుమారు 3.7 కిలోవాట్లు. 250ని 3.7తో హెచ్చవేసినచో గంటకు 925 గ్రాములు వచ్చును. పొరుగింటి యువకుడు తన అరటితోటకు నీరు పెట్టుకొనుటకై ఆ యింజనును పది గంటలకు బాడుగకు తీసికొన్నాడు. ఆయిలు ఖర్చు బాడుగదారునిదే. పెద్దరైతు కాగితము చూచి, పది గంటలకు తొమ్మిదింబావు చాలునని చెప్పినాడు. యువకుడు బంకుకు పోయి, డబ్బాలో తొమ్మిదింబావు లీటర్లు పోయించుకొని వచ్చినాడు. ఎనిమిది గంటల పదునెనిమిది నిమిషములు గడచునప్పటికి ఇంజను ఆగిపోయినది. చివరి వరుసలకు నీరందలేదు.

“బాబాయిగారూ, మీ ఇంజను ఆయిలు తాగేస్తోందండీ. పది గంటలకని పోస్తే ఎనిమిది దాటగానే ఆగిపోయింది.”

“అదేం మాటరా అబ్బాయ్! కాగితం చూసే గదా చెప్పాను. నా ఇంజనుకు ఏ రోగమూ లేదు. నీ డబ్బా కారుతోందేమో చూసుకో. లేకపోతే బంకులో తక్కువ కొట్టాడేమో అడుగు.”

ఇంజను మంచిదే. డబ్బా కారలేదు. బంకులో కొలత సరిగానే ఉన్నది. పెద్దరైతు అబద్ధమాడలేదు. యువకుడును అబద్ధమాడలేదు. అయినను తోట యెండినది, ఇరుగుపొరుగుల నడుమ మాట చెడినది. ఇందుకు కారణమైన దోషము ఒకటే. తొమ్మిదింబావు కిలోలను తొమ్మిదింబావు లీటర్లని ఇద్దరును అనుకొన్నారు.

తూకము వేరు, కొలత వేరు అను సంగతి మనవారికి క్రొత్తది కాదు. సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచము అనునవన్నియు కొలతలు. వీశ, మణుగు అనునవి తూకములు. కుంచెడు బియ్యమును, కుంచెడు ఊకను చెరియొక చేత పట్టుకొమ్మన్నచో రెండింటి బరువు ఒక్కటేయని చిన్నపిల్లవాడైనను అనడు. పాత్రలో పట్టు చోటు ఒక్కటే. అందులో ఇమిడిన పదార్థపు బరువు వేరు. ఒక నిర్ణీతమైన చోటులో ఎంత బరువు ఇమిడియున్నదో చెప్పు సంఖ్యకు శాస్త్రజ్ఞులు సాంద్రత యని పేరు పెట్టినారు.

బియ్యము, ఊకల విషయమున పొరపడని మనము ద్రవముల విషయమున ఏల పొరపడుచున్నాము? అందుకు కారణము నీరు. లీటరు నీరు కిలో బరువు తూగును. ఇది దైవికముగా కుదిరినది కాదు. మెట్రిక్ పద్ధతిని ఏర్పరచినవారు నీటినే ఆధారముగా గొని తూకమును, కొలతను జతపరచినారు. 1901 నుండి 1964 వరకు లీటరునకు నిర్వచనమే ఒక కిలో నీరు ఆక్రమించు చోటని ఉండెను. 1964లో దానిని మరల ఘన డెసిమీటరుగా నిర్ణయించినారు. భేదము అత్యల్పము, నిత్యవ్యవహారములో లీటరు నీరు కిలోయే. ధవళేశ్వరమునుండి కాలువలలో వచ్చు నీటిని క్యూసెక్కులలో చెప్పుకొందుము. ఒక క్యూసెక్కనగా సెకనుకు సుమారు 28.3 లీటర్లు. అది సెకనుకు 28.3 కిలోలు కూడ అగును. నీటితో బ్రతుకు డెల్టావాసులకు కిలో, లీటరు ఒక్కటే యను అలవాటు ఏర్పడుటలో వింతలేదు.

మన దేశమున తూనికలు, కొలతల చట్టము 1956లో వచ్చినది. 1958 అక్టోబరు నుండి మెట్రిక్ తూనికలు క్రమముగా వాడుకలోనికి వచ్చినవి. అంతకు పూర్వము పెట్రోలును గ్యాలనులలో పోసెడివారు. ఇంగ్లీషు గ్యాలను నీరు పది పౌనులు తూగును. ఘనపుటడుగు నీరు సుమారు 62.4 పౌనులు తూగును. ఆ లెక్కలు కష్టమైనవే. కాని వానిలో ఒక మేలు లేకపోలేదు. నీటికైనను తూకమునుండి కొలతకు మారవలెనన్నచో ఏదో ఒక సంఖ్యతో హెచ్చవేయవలసి యుండెడిది. కనుక ఆ మెట్టును మరచువారు తక్కువ. మెట్రిక్ పద్ధతి నీటికి ఆ సంఖ్యను ఒకటిగా చేసి సులభపరచినది. ఆ సౌలభ్యము వలననే నూనెల విషయమున ఆ మెట్టును దాటిపోవుచున్నాము.

వంటింటిలో ఈ సంగతికి మంచి నిదర్శనము కలదు. లీటరు వంటనూనె పొట్లముమీద ప్రక్కనే సుమారు 910 గ్రాములని అచ్చువేసియుండును. కిలో పొట్లము, లీటరు పొట్లము ఒకే ధరకు వచ్చినచో కిలో పొట్లములోనే నూనె ఎక్కువ. డీజిలు వంటనూనె కన్న తేలిక. లీటరు సుమారు 830 గ్రాములు తూగును. పెట్రోలు ఇంకను తేలిక; లీటరు సుమారు 720 నుండి 775 గ్రాముల వరకు ఉండును.

ఇక సూత్రమునకు వత్తము. తూకపు ప్రవాహమునుండి కొలత ప్రవాహమునకు పోవలెనన్న, సాంద్రతతో భాగించవలెను. కొలత ప్రవాహమునుండి తూకపు ప్రవాహమునకు రావలెనన్న, సాంద్రతతో హెచ్చవేయవలెను. మన యింజను గంటకు 0.925 కిలోలు వాడును. డీజిలు సాంద్రత లీటరుకు 0.83 కిలోలు. 0.925ను 0.83తో భాగించినచో 1.11 వచ్చును. అనగా గంటకు లీటరుకు పైన 110 మిల్లీలీటర్లు. పది గంటలకు 11 లీటర్లకు కొంచెము మించును. యువకుడు తెచ్చినది 9.25 లీటర్లు. లోపము సుమారు 1.9 లీటర్లు.

ఈ మార్పులో గంటకు పని లేదు. “గంటకు” అను మాట రెండు వైపులను ఒకే రీతిగా ఉండును. గంటలను దినములుగా మార్చవలసియున్నచో ఆ పనిని వేరుగా చేసికొనవలెను. రెండు మార్పులను ఒకే ఊపులో చేయబోయినచో తప్పు దొరలుటకు అవకాశమెక్కువ. సాంద్రతను కొన్ని పుస్తకములలో ఘనమీటరుకు 830 కిలోలని వ్రాయుదురు. అదియును, లీటరుకు 0.83 కిలోలును ఒక్కటే. అయితే కిలోలను 830తో భాగించినచో వచ్చునవి ఘనమీటర్లేగాని లీటర్లు కావు.

భాగించవలెనో హెచ్చవేయవలెనో మరచినవారికి ఒక గురుతు చెప్పెదను. డీజిలు నీటికన్న తేలిక. తేలికైన వస్తువు ఎక్కువ చోటును ఆక్రమించును. కావున లీటర్ల సంఖ్య ఎల్లప్పుడును కిలోల సంఖ్యకన్న పెద్దదిగా ఉండవలెను. మీ లెక్కలో లీటర్లు తక్కువగా వచ్చినచో ఎక్కడనో తలక్రిందులైనదని తెలిసికొనుడు.

తిరుగు దారిలో కూడ ఈ లెక్క ఉపయోగించును. ఇంజను నిజముగా ఎంత వాడుచున్నదో పరీక్షింపగోరువారు గీతలుగల గాజుపాత్రనుండి దానికి డీజిలు అందించి, 100 మిల్లీలీటర్లు తరుగుటకు ఎన్ని సెకనులు పట్టునో గడియారము చూచి లెక్కించవచ్చును. 360ని ఆ సెకనులతో భాగించినచో గంటకు ఎన్ని లీటర్లో తెలియును. 323 సెకనులు, అనగా అయిదు నిమిషముల ఇరువదిమూడు సెకనులు, పట్టినచో గంటకు 1.11 లీటర్లు. నాజిలునుండి మిగిలి తిరిగివచ్చు డీజిలును కూడ ఆ గాజుపాత్రలోనికే పంపవలెను. లేనిచో ఇంజను వాడనిది కూడ వాడినట్లు లెక్కకు వచ్చును. ఈ పరీక్ష చేయునపుడు దరిదాపుల నిప్పు ఉండరాదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఆ 1.11ను 0.83తో హెచ్చవేసి, 3.7 కిలోవాట్లతో భాగించినచో మరల 250 గ్రాములే వచ్చును. ఇంజను ఆరోగ్యముగా ఉన్నదన్నమాట. సాంద్రతను మరచి 1.11 లీటర్లను 1.11 కిలోలుగా తలచినచో అదే యింజను 300 గ్రాములు వాడుచున్నట్లు కనుపించును. అప్పుడు దానిని షెడ్డునకు పంపి, నాజిలు మార్పించి, పంపు విప్పించి, లేని రోగమునకు వైద్యము చేయింతుము. అయితే ఇంజను పూర్తి బరువుమీద నడవనప్పుడు కిలోవాటు గంటకు పట్టు గ్రాములు మారును. కాగితములోని సంఖ్యతో పోల్చునప్పుడు ఆ సంగతిని కూడ గమనింపవలెను.

ఇంత చిక్కు ఏల, తయారీదారులే లీటర్లలో చెప్పరాదా యని కొందరడుగవచ్చును. వారు తూకమును ఎన్నుకొనుటకు బలమైన కారణము కలదు. ఇంధనమునుండి వచ్చు వేడి దానిలోని పదార్థమును బట్టి వచ్చునుగాని, అది ఆక్రమించు చోటును బట్టి రాదు. ఎండ తగిలినప్పుడు డీజిలు ఉబ్బును. డిగ్రీ సెంటిగ్రేడుకు వేయింట సుమారు 0.83 వంతు పెరుగును. 15 డిగ్రీలవద్ద లీటరుకు 830 గ్రాములున్న డీజిలు 35 డిగ్రీలవద్ద సుమారు 816 గ్రాములే యుండును. 12,000 లీటర్లు మోయు టాంకరులో ఇరువది డిగ్రీల భేదమునకు సుమారు 200 లీటర్ల భేదము కనుపించును. అందులో ఒక్క బొట్టు పెరుగలేదు, ఒక్క బొట్టు తరుగలేదు. తూచినచో బరువు మారలేదు. కావుననే సాంద్రతను చెప్పునపుడు ఏ ఉష్ణోగ్రతవద్దనో కూడ చెప్పుదురు. మన దేశమున పెట్రోలు, డీజిలులకు 15 డిగ్రీలవద్ద సాంద్రతను ప్రమాణముగా గొందురు.

అట్లని ఉష్ణోగ్రతను గూర్చి అనవసరముగా దిగులుపడనక్కరలేదు. సాంద్రతను పూర్తిగా మరచినచో నూటికి ఇరువది వంతుల తప్పు వచ్చును. సాంద్రతను వేసికొని వేసవి వేడిమిని మరచినచో నూటికి రెండు వంతులలోపు తప్పు వచ్చును. ముందు పెద్ద తప్పును దిద్దుకొని, పిదప చిన్నదానిని చూచుకొనుట తెలివి. పైగా బంకులలో టాంకులు భూమిలో పాతియుండుటచేత పగటికి, రాత్రికి వాని ఉష్ణోగ్రతలో భేదము స్వల్పము.

సాంద్రతను తెలిసికొనుటకు దూరము పోనక్కరలేదు. బంకులలో ఆనాటి సాంద్రతను వ్రాసి యుంచుదురు. అనుమానమున్నచో కొనుగోలుదారు హైడ్రోమీటరుతో పరీక్షించి చూపుమని అడుగవచ్చును. గాజుజాడీలో ఇంధనము పోసి హైడ్రోమీటరును, ఉష్ణమాపకమును ముంచి, వచ్చిన అంకెను పట్టిక సాయముతో 15 డిగ్రీలకు సరిచేయుదురు. అది టాంకరు కాగితములోని సాంద్రతకు ఘనమీటరుకు 3 కిలోలకన్న ఎక్కువ ఎచ్చుతగ్గు కాకుండ ఉండవలెను. కొలతలో అనుమానమున్నచో అయిదు లీటర్ల ముద్రపాత్రతో పోయించి చూచుకొనవచ్చును. మన కథలోని యువకుడు బంకువారిని అనుమానించుటకు ముందు ఈ రెండును అడిగియుండిన, వారు నిర్దోషులని అక్కడనే తేలియుండెడిది.

ఇదే లెక్క పెద్ద యెత్తున ఎట్లుండునో చూచుటకు కోనసీమలోనే ఒక స్థలము కలదు. జొన్నాడ వంతెన దాటి కోనసీమలోనికి పోయి, రాజోలు ప్రాంతమునకు చేరినచో తాటిపాక వచ్చును. అక్కడ చమురు, సహజవాయు సంస్థవారు 2001లో ఒక చిన్న చమురుశుద్ధి కర్మాగారమును నెలకొల్పినారు. దాని శక్తి ఏడాదికి 66,000 టన్నులు. ఇది తూకపు ప్రవాహము. దీనిని 365తో భాగించినచో దినమునకు సుమారు 181 టన్నులు. ముడిచమురు సాంద్రత లీటరుకు 0.82 కిలోలనుకొన్నచో దినమునకు సుమారు 220 ఘనమీటర్లు, అనగా 2,20,000 లీటర్లు. పీపాయి 159 లీటర్లు గనుక, పీపాయిలలో చెప్పినచో దినమునకు సుమారు 1,390. పత్రికలో ఒకచోట టన్నులు, ఒకచోట పీపాయిలు, మరియొకచోట ఘనమీటర్లు చదివి ఇవి మూడు వేర్వేరు సంగతులని భ్రమపడనక్కరలేదు. సాంద్రత తెలిసినవానికి మూడును ఒక్కటే.

వాయువు విషయమున ఈ భేదము మరింత స్ఫుటమగును. వాయువు ఉష్ణోగ్రతకే గాక ఒత్తిడికి కూడ లొంగును. అందుచేత ఘనమీటరు గ్యాసు అని ఊరక అన్నచో అర్థము లేదు. 15 డిగ్రీలవద్ద, ఒక వాతావరణ పీడనమున కొలిచినదానిని ప్రమాణ ఘనమీటరు అందురు. గొట్టపు గ్యాసున్న ఇండ్లలో బిల్లు ఈ లెక్కనే వచ్చును. అదే గ్యాసును మిక్కిలి ఒత్తిడితో ఆటోలకు నింపునప్పుడు కిలోలలో అమ్ముదురు. వంటగ్యాసు సిలిండరును కూడ 14.2 కిలోలని తూకముచేతనే ఇత్తురు. లోపల కొంత ద్రవముగాను, కొంత ఆవిరిగాను ఉండు వస్తువునకు తూకమే నమ్మదగినది. ఆటోలకు గ్యాసు నింపు యంత్రములో కంపించు గొట్టము గుండా వాయువు పోవునపుడు ఆ గొట్టము కొద్దిగా మెలిపడును. ఆ మెలిని బట్టి ఎంత బరువు ప్రవహించినదో తిన్నగా తెలియును. ఈ విధానమునకు ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కొరియోలిస్ పేరు పెట్టినారు. అట్టి మీటరు ఉన్నచోట సాంద్రతతో పనిలేదు.

అరటితోట యెండుటకన్న ఎక్కువ ప్రమాదము ఈ లెక్కలో కలదాయని సందేహించువారికి 1983లో కెనడాలో జరిగిన ఒక ఉదంతము చెప్పవలసియున్నది. విమానము ఎంత బరువు మోయగలదో, ఎంత దూరము పోగలదో తూకమును బట్టి యుండును గనుక, విమాన చోదకులు ఇంధనమును కిలోలలో లెక్కింతురు; నింపు బండి మాత్రము లీటర్లలో నింపును. ఆ యేడు జులై 23న ఎయిర్ కెనడావారి బోయింగు 767 విమానము మాంట్రియలునుండి ఆటవా మీదుగా ఎడ్మంటనునకు పోవలసియుండెను. ఇంధనమును చూపు మీటర్లు పనిచేయుటలేదు. కావున టాంకులలో పుల్లతో లోతు చూచి లెక్కకట్టినారు. ప్రయాణమునకు కావలసినది 22,300 కిలోలు. టాంకులలో ఉన్నది 7,682 లీటర్లు. దానిని కిలోలుగా మార్చుటకు 1.77తో హెచ్చవేసినారు. 1.77 అనునది లీటరుకు పౌనుల సంఖ్య. కిలోలు కావలెనన్నచో సుమారు 0.80 వాడవలెను. వారికి ఉన్న ఇంధనము 13,597 కిలోలని తోచినది. నిజముగా ఉన్నది 6,200 కిలోలకు లోపు. ఇరువదివేల లీటర్లు నింపవలసినచోట 4,916 లీటర్లు మాత్రమే నింపి బయలుదేరినారు.

మార్గమధ్యమున ఆకాశములోనే రెండు ఇంజనులును ఆగిపోయినవి. చోదకుడు రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడరును నడుపు అనుభవముండుట అదృష్టము. ఆయన ఆ మహావిమానమును గాలిలో తేల్చుకొనుచు గిమ్లీ యను ఊరిలోని పాత వైమానిక స్థావరముమీద దింపినాడు. అందలి 69 మందియు ప్రాణములతో బయటపడినారు. ఆ నాటి లెక్కను మన గురుతుతో చూచినచో తప్పు వెంటనే పట్టుబడును. విమానపు ఇంధనము నీటికన్న తేలిక. 7,682 లీటర్లు 7,682 కిలోలకన్న తక్కువే తూగవలెను. 13,597 అను సంఖ్య ఎట్టి పరిస్థితిలోను రాదు. తొందరలో లెక్క చేసినవారెవ్వరును ఆ ఒక్క పోలికను చూడలేదు.

కావున ఇంధనపు సంఖ్య ఏది కనబడినను మూడు ప్రశ్నలు వేసికొనుట మంచిది. ఇది తూకమా, కొలతా? సాంద్రత ఎంత, ఏ ఉష్ణోగ్రతవద్ద? వచ్చిన లీటర్లు కిలోలకన్న ఎక్కువగా ఉన్నవా? ఈ మూడింటికి సమాధానము దొరికిన పిమ్మటనే ఇంజనునుగాని, బంకునుగాని, మనిషినిగాని అనుమానింపవలెను.

మన పెద్దరైతు చేయవలసిన పని చిన్నది. కాగితములో గంటకు 925 గ్రాములని లెక్కవచ్చినచోట ప్రక్కనే “లీటరు నూటపది మిల్లీలీటర్లు” అని వ్రాసియుంచిన చాలును. యువకుడు పది గంటల పనికి పండ్రెండు లీటర్లు తెచ్చుకొనవలెను. పదకొండుంబావు చాలును గదాయని అనవచ్చును గాని, డీజిలు పూర్తిగా అయిపోయినచో గొట్టములలో గాలి పట్టి, మరల దానిని వెడలగొట్టువరకు ఇంజను అందుకొనదు. మిగిలిన ముప్పాతిక లీటరు ఎటును పోదు. మరునాటి తడికి పనికివచ్చును.